గరిక కింద ఎలుకలు

మా దిక్కు గరికను పీకి ఒడ్డు మీద పారేస్తరు. పసుపు చేన్ల గరిక దూరిందంటే ఇంటిల్లిపాది నెలరోజులు నడుములు వంచుడే. అసొంటి గరికకు నేను తాయిఫ్‌ల ఎనిమిదేండ్లు నీళ్లు పట్టిన. పొద్దుగాల ఒకసారి, పొద్దుగూకే ముందట ఒకసారి. మిషన్‌తోని కత్తిరించిన, ఎరువు చల్లిన, చలికాలం అది పసుపు రంగు తిరిగితే పానం బాగలేని పిల్లను చూసుకున్నట్టు చూసుకున్న. మొదటిసారి ఫోన్ల ఈ ముచ్చట చెప్తే మా ముత్యవ్వ నమ్మలేదు.

"గరికకు నీళ్లా? నీకు పనిచ్చినోళ్లకు బుద్ధి లేదా, నీకు లేదా?" అన్నది.

నేను చెప్పేది 2018 ఎండకాలం సంగతి.

తాయిఫ్ గుట్టల మీద ఊరు. కింద జిద్దాల మనుషులు ఉడికిపోతున్నా అక్కడ సాయంత్రమైతే చల్లగాలి తోలుతది. ఆ ఊర్ల ఒక పాత విల్లా. దాని ముందట గోడ నుంచి గోడ దాకా గరిక. ఇంటి పెద్దామెను అందరు ఉమ్ నాయెఫ్ అంటరు, నాయెఫ్ తల్లి అని. పనోళ్లం మామా, అంటే అమ్మా, అని పిలుస్తం. ఆమె పెనిమిటి బడిపంతులు. ఆయన చేతులతోని నాటిన గడ్డి అది. ఆయన పోయి నాలుగేండ్లైంది. రోజూ సాయంత్రం అసర్ నమాజు కాంగనే ఆమె ఒక చాప, గావా కాఫీ ఫ్లాస్కు పట్టుకొని వచ్చి గడ్డి మీద కూసుంటది. రెండు కప్పులు తెచ్చుకుంటది. ఒకదాన్ల పోసుకొని తాగుతది, ఇంకోటి బోర్లించి పెడ్తది.

నా కఫీలు, అంటే నాకు వీసా ఇచ్చిన సేటు, ఆమె కొడుకు నాయెఫ్. ఆయనకు చిన్న మెయింటెనెన్స్ కంపెనీ ఉండె. ప్లంబర్లు, పెయింటర్లు, నాలాంటి గడ్డోళ్లు, అందరం కలిసి ఇరవై మందిమి. నితాఖత్ అని గవర్నమెంటు లెక్క పెట్టింది, ఇంతమంది పరాయి పనోళ్లకు ఇంతమంది సౌదీలను పెట్టుకోవాలని. నాయెఫ్ ఆ లెక్క తప్పిండు. కొత్త వీసాలు బందైనయ్. దాని మీద ఆ ఏడు పనోళ్ల మీద గవర్నమెంటుకు కట్టే లెవీ పెంచిన్రు. ఇగ ఒక్కొక్కరినే ఖురూజ్ కొట్టి పంపుడు మొదలుపెట్టిండు. ఖురూజ్ పడ్డదంటే మళ్ల రాకుండ ఇంటికి పోవుడే. నిర్మల్ దిక్కు మల్లేశం ఆ కాగితం చేతిల పట్టుకొని నా మంచం మీద కూసొని ఏడ్చిండు.

అందరు ఏ కాగితానికి భయపడ్డరో, నేను దానికోసమే ఎదురుచూస్తున్న. మూడుసార్లు అడిగిన. నాయెఫ్ మంచిగనే భుజం మీద చెయ్యేసి చెప్పిండు. "నిన్ను పంపితే నీ జాగల ఇంకొకన్ని తెచ్చుకునే వీసా నాకు రాదు బాలా. మా అమ్మ గడ్డిని ఎవరు చూస్తరు? గడ్డి ఉన్నన్ని రోజులు నీకు భయం లేదు పో."

ఎనిమిదేండ్లల్ల నేను ఊరికి రెండుసార్లే పోయిన. మెట్‌పల్లి దగ్గర మాది. ముత్యవ్వ ఒక్కతే రెండెకరాలు చేసుకుంట, బీడీలు చుట్టుకుంట, మా బిడ్డ సృజనను చదివిస్తుండె. ఒక్కసారి గూడ నన్ను రమ్మని అనలేదు. మా ఫోన్లు ఎట్లుంటుండెనంటే, "తిన్నవా?" "తిన్న." "ఏం కూర?" "పప్పు." "వాన పడ్డదా?" "లేదు." ఆ తర్వాత ఇద్దరం ఊకుంటుంటిమి. ఫోను ఎవరు ముందట పెడ్తరా అని ఇద్దరం చూస్తుంటిమి. కోపం లేదు, తగువు లేదు. మాటలే ఒడిసిపోయినయ్.

మార్చిల ఉమ్ నాయెఫ్ ఇంటి పక్కపొంటి రాళ్లజాగల బుల్డోజర్ పెట్టి చదును చేసిన్రు. అక్కడ ఉండే ఎలుకలకు నిలువనీడ లేక గోడ కింద నుంచి మా గడ్డిలకు వచ్చినయ్. ఒక పొద్దు నీళ్లు పడుదామని పోతే గడ్డి నడుమ మట్టి కుప్పలు. కాలు పెడ్తే మెత్తగ లోపలికి దిగుతున్నది. ఇంటి డ్రైవర్ అల్లాబకాష్ గూడ వచ్చి చూసిండు. ఆయనది రాయచోటి. అరబ్బీ గడగడ మాట్లాడుతడు.

"ఏంది బాలన్నా, గడ్డిలో మశూచి పోసినట్టుండాదే?" అన్నడు.

అంతల ఒకటి బొక్కల నుంచి తలకాయ బయటపెట్టింది. ఇసుక రంగుది. పెద్ద కండ్లు. తోక కొసకు నల్లటి కుచ్చు. మమ్ములను చూసి ఏం భయపడలేదు. కూసొని గడ్డి దుబ్బు ఒకటి కొరికి లోపలికి గుంజుకపోయింది.

నాయెఫ్ ఆ మాపటికే మందు పొట్లాలు తెచ్చిండు. ఉమ్ నాయెఫ్ వద్దన్నది. ఆమె దినాం పొద్దున అన్నం పెట్టే పిల్లులు ఐదారు ఉన్నయ్. మందు తిన్న ఎలుకను తిని అవి చస్తయని ఆమె భయం. "బాలా రైతు. బాలాకు తెలుస్తది," అన్నది.

నాకేం తెలుసు? మా ఇంట్ల ఎలుకల పని ఎప్పుడు ముత్యవ్వదే. వాళ్ల తల్లిగారింట్ల మక్కలు, పల్లీలు బాగ పండిస్తరు. చిన్నప్పటి నుంచి ఎలుకల వెంట పడ్డ మనిషి. తెల్లారి పగటీలి, మధ్యానం రెస్టుల వీడియో కాల్ చేసిన. ఆమె ఫోనును చాటకు ఆనిచ్చి పెట్టి, బీడీలు చుడుతున్నది. తునికాకు కత్తిరిస్తున్న కత్తెర చప్పుడు కిర్రుకిర్రుమని వినిపిస్తున్నది.

"తిన్నవా?" అన్నది.

"తిన్న. గరికల ఎలుకలు పడ్డయ్."

కత్తెర ఆగింది. "ఎన్ని బొక్కలు?"

"పదిహేడు."

"బొక్క మూతి సూపియ్."

నేను ఎండల లేచి పోయి, ఫోను వంచి చూపిచ్చిన. ఆమె మొఖం స్క్రీను మీదికి వచ్చింది. కండ్లు చిన్నగ చేసి చూసింది. "పందికొక్కు కాదు. చిన్నజాతి. పదిహేడింట్ల పదిహేడు ఉండయ్. మాపటికి అన్నిటి మూతులు తడిమట్టితోని మూసి పెట్టు. పొద్దున ఏది తెరిసి ఉంటదో గదే ఉన్న బొక్క. మిగతయి ఉత్తయి. ఉత్త బొక్కల ఎంట పడి గడ్డంత తవ్వకు."

చెప్పినట్టే చేసిన. పొద్దున చూస్తే నాలుగే తెరిసి ఉన్నయ్. పగటీలి ఫోను చేస్తే, ఆమె నా "హలో" వినకముందే "ఎన్ని?" అన్నది.

అప్పటి నుంచి మాకు మాటలు మళ్ల పుట్టినయ్.

ఏ గోడ పొంటి ఉన్నయ్, మట్టి ఏ రంగుది, పొద్దున తిరుగుతున్నయా మాపు తిరుగుతున్నయా, అన్నీ అడుగుతుండె. ఇనుప బోను కొనుక్కొచ్చి రొట్టె పెట్టిన అంటే, "రొట్టె వాటికి అక్కడ రోజూ దొరుకుతది. పల్లీలు ఏంచి, బెల్లంల కలిపి పెట్టు. ఏడివేడిగ ఉన్నప్పుడే పెట్టు, వాసన పోవాలె," అన్నది. అట్ల పెట్టిన పొద్దే రెండు పడ్డయ్. ఆమె ఇంటి గోడ మీద బొగ్గుతోని రెండు గీతలు గీసి, ఫోను తిప్పి నాకు చూపించింది.

ఒక రోజు పొగ పెట్టుమన్నది. ఖజ్జూర డబ్బాకు అడుగున బొక్క కొట్టి, ఈతపీచు, ఎండుమిరపకాయలు వేసి, బొక్క మూతికి ఆనిచ్చి నేను ఊదుతున్న. అల్లాబకాష్ ఫోను పట్టుకొని ముత్యవ్వకు చూపిస్తున్నడు. పొగ ఎలుకల బొక్కలల్ల నుంచి రాలేదు. ఎక్కడెక్కడ తిరిగిందో ఏమో, ఉమ్ నాయెఫ్ బట్టలు ఉతికే రూము మోరీల నుంచి ఉబికి ఉబికి వచ్చింది. లోపల నుంచి ఆమె దగ్గుకుంట, తిట్టుకుంట, అల్లా అల్లా అనుకుంట బయటికొచ్చింది. అల్లాబకాష్ ఫోను నా చేతిల పెట్టి ఉరికిండు. నేను డబ్బాను కాలితోని తన్ని మంట తొక్కిన. ఫోన్ల చూస్తే ముత్యవ్వ చాట పక్కకు దొబ్బి, కొంగు నోట్ల కుక్కుకొని నవ్వుతున్నది. కండ్లల్ల నీళ్లు కారుతున్నయ్. పెండ్లైన కొత్తల అట్ల నవ్వేది. ఆ నవ్వు నేను మర్చేపోయిన. స్క్రీను మీద వేలు పెట్టి ఆ మొఖాన్ని తుడవబోతే కాల్ కట్టయింది.

ఆ దినం నుంచి నాకు నిద్ర పట్టుడు కష్టమైంది. అంతకు ముందు ఇల్లు యాదికొస్తే ఇల్లే యాదికొస్తుండె, బాయి, బర్రె, చేను. ఇప్పుడు మనిషి యాదికొస్తున్నది. ఆమె మోచేతి మీది కాలిన మచ్చ, తునికాకు వాసన, కత్తెర పట్టి పట్టి గట్టిపడ్డ బొటనవేలు.

రంజాన్ నెల వచ్చే వరకు గోడ మీద పదకొండు గీతలైనయ్. ఇంకో రెండు బొక్కలు మిగిలినయ్. ఉమ్ నాయెఫ్ గడ్డి మీదనే ఉపవాసం విడుస్తుండె. ఖజ్జూరాలు, శోర్బా సూపు ఒక పళ్లెంల పెట్టి నాకు గూడ పంపుతుండె.

ఉపవాసాలు మొదలైన వారానికి నాయెఫ్ వచ్చిండు. ఆ పొద్దే లెవీ కట్టి వచ్చినట్టున్నది, మొఖం మాడ్చుకొని ఉన్నడు. గడ్డి అంత తిరిగి, ఒక మెత్తటి జాగల కాలు దిగబడితే చెప్పు తీసి దులుపుకున్నడు.

"ఈద్‌కు మా చుట్టాలంత వస్తరు. అప్పటికి ఇది సాఫ్ కావాలె. కాకుంటే ఇదంతా తవ్వి పారేసి ప్లాస్టిక్ గడ్డి పరుస్తా. ఆ మీద నిన్ను పెట్టుకొని లెవీ కట్టుడు ఎందుకు? ఖురూజ్ తీసుకొని పోతవ్, విన్నవా?"

నన్ను భయపెడుతున్న అనుకున్నడు. నేను విన్న అన్నట్టు తలకాయ ఊపిన.

పగటీలి ముత్యవ్వకు అన్ని ముచ్చట్లు చెప్పినట్టే ఇది గూడ చెప్పిన. ఏం మనసుల పెట్టుకొని చెప్పలేదు. "రెండే బొక్కలు ఉన్నయ్. అవి గూడ పోతే గడ్డి బతుకుతది. లేకుంటే తవ్వి పారేస్తడట. నన్ను గూడ ఇంటికి తోలుతడట," అన్న.

కత్తెర చప్పుడు ఆగింది. ఎవరో వాకిట్లకు వచ్చిన్రు అనుకున్న.

"ముత్తీ?"

"ఉన్న." ఆ ఎంబడే, "పొయ్యి మీద పాలున్నయ్, పొంగుతయ్," అని పెట్టేసింది. మా బర్రె అప్పటికి ఒట్టిపోయి రెండు నెలలైంది.

తెల్లారి ఆమెనే చేసింది. ఎన్నడు ఆమె చెయ్యదు, నేనే చెయ్యాలె. మొఖం చూపియ్యలేదు, మాట ఒక్కటే వచ్చింది.

"ఇగ బొక్కలు మూయకు," అన్నది. "తెరిచే పెట్టు. లోపలికి గాలి తగిలితే అవే లేచిపోతయ్. గోడ పొంటి గడ్డి కోయకు, ఏపుగ పెరగనియ్. పొద్దూమాపు నీళ్లు బాగ పెట్టు, మట్టి మెత్తగ కావాలె. బోను తీసెయ్, దాన్ని చూసి అవి మొండికేస్తున్నయ్."

"సరే," అన్న.

"సమజైందా?"

"సమజైంది."

ఫోను పెట్టినంక అక్కడే గోడకు ఆనుకొని కూసున్న. రెండేండ్ల కింద సెలవుల పోయినప్పుడు ఒడ్డు మీద గడ్డి కోయకుండ వదిలేసిన అని ఇదే ముత్యవ్వ నాతోని ఒక పూటంత కొట్లాడింది. గడ్డి పెరిగితే ఎలుకలకు చాటు, మట్టి మెత్తగుంటే పిల్లలు పెట్టుకుంటయ్, ఇంత గూడ తెల్వని రైతువా అని. ఆమె చెప్పింది ఒక్క ముక్క నిజం కాదు. అన్నీ తిరగేసి చెప్పింది.

ఎనిమిదేండ్ల తర్వాత ఆమె నన్ను రమ్మన్నది.

నేను లేచి పోయి బోన్లు రెండు తీసి రూముల పెట్టిన.

ఆ తర్వాత ఐదు రోజులు నేనేం చేసిన్నో చెప్పుకోను సిగ్గయితది. ఆమె చెప్పినట్టే చేసిన. పైపు పెట్టి వదిలేసిన. గోడ పొంటి గడ్డి కోయకుండ పెరగనిచ్చిన. మూడో రోజుకే కొత్త కుప్పలు లేచినయ్, ఐదో రోజుకు లెక్కపెట్టుడు బంద్ చేసిన. ఎలుకలు పట్టపగలే గడ్డి మీద తిరుగుతున్నయ్. వేరు తెగిన గరిక చారలు చారలుగ ఎండుతున్నది. నా చేతులతోని పెంచిన గడ్డి నా కండ్ల ముందట సచ్చిపోతుంటే నేను పైపు పట్టుకొని నిలబడ్డ. సంతోషమైందా అంటే అయింది. పొద్దున లేవంగనే కొత్త కుప్పలు కనబడితే గుండె ఊరి దిక్కు ఉరుకుతుండె. మళ్ల సాయంత్రం ఉమ్ నాయెఫ్ వచ్చి, ఆ ఎండిన చారలను చేత్తోని నిమిరి, పక్కకు చాప వేసుకొని కూసుంటే నేను అవతలి దిక్కుకు పోయి నిలబడుతుంటి.

"ఏమైంది బాలన్నా? బోన్లు యాడికి పోయినాయి?" అని అల్లాబకాష్ అడిగిండు.

"పాడైనయ్," అన్న.

ఆరో రోజు, ఉపవాసం విడిచే టైముకు ఉమ్ నాయెఫ్ పళ్లెం పట్టుకొని గడ్డిల నుంచి నా దిక్కు వస్తున్నది. దినాం పనిపిల్లతోని పంపేది, ఆ పొద్దు ఆమెనే తెస్తున్నది. నాకు ఇంకా పది అడుగుల దూరం ఉన్నది. ఆమె కాలు కింద మట్టి కూలింది. పళ్లెం ఎగిరిపడ్డది. ఆమె పక్కకు ఒరిగి పడ్డది. అరవలేదు. "యా అల్లా" అని చిన్నగ అన్నది అంతే.

నేను, అల్లాబకాష్ ఉరికి లేపినం. మడిమ వాచింది. అల్లాబకాష్ కార్ల తీసుకపోతే హాస్పిటల్ల ఎక్స్‌రే తీసి, ఎముక ఇరగలేదు, నరం పట్టింది, రెండు వారాలు నడవద్దు అన్నరట. వాళ్లు వచ్చే వరకు నేను గడ్డి మీద చెదిరిన ఖజ్జూరాలు ఏరుకుంట ఉన్న.

తెల్లారి పగటీలి నేను అల్లాబకాష్ దగ్గరికి పోయిన. "మామాతోని మాట్లాడాలె. నువ్వు అరబ్బీల చెప్పాలె," అని సంగతంత చెప్పిన.

ఆయన మొఖం నల్లబడింది. "పిచ్చి పట్టిందా నీకు? బుద్ధిపూర్వకంగా చేసినానని చెప్పుకుంటావా? పోలీసోళ్లకు పట్టిస్తే? ఎలుకలు మొండివి, నాతో కాలేదు అని చెప్పు. సరిపోతాది."

"అట్ల వద్దు."

"అట్లయితే నేను చెప్పను. నాకూ పిల్లలుండారు బాలన్నా." కానీ నాతోని వరండా దాకా వచ్చిండు.

ఉమ్ నాయెఫ్ కాలు ఎత్తు మీద పెట్టుకొని, జపమాల లెక్కుండే తస్బీ తిప్పుతున్నది. నాకు వచ్చిన అరబ్బీ పని అరబ్బీ. నీళ్లు, మట్టి, రేపు, అయిపోయింది, అంతే. ఆ ముక్కలతోనే చెప్పిన. ఎలుకల తప్పు కాదు మామా. నా తప్పు. బోను నేనే తీసేసిన. గడ్డి పోతే నాయెఫ్ నన్ను ఇంటికి పంపుతా అన్నడు. నాకు ఇల్లు కావాలె.

ఆమె తస్బీ ఆగింది. నా దిక్కు చూసింది. ఆ చూపుల కోపం లేకపోలేదు.

"నువ్వు అడగొచ్చు కదా?"

"నాయెఫ్‌ను మూడుసార్లు అడిగిన."

"నన్ను అడిగినవా?"

నిజమే, ఆమెను ఎన్నడు అడగలేదు. ఆమెకు అసొంటి అధికారం ఉంటదని నా మనసుకు తట్టలేదు.

"బోను తీసెయ్యమని నీకు తోచిందా?" అన్నది.

"నా భార్య చెప్పింది."

ఇప్పుడు అల్లాబకాష్ తనంతట తనే ముందుకు వచ్చిండు. ముత్యవ్వ ఎవరు, ముందట ఏం చెప్పింది, బొగ్గు గీతలు, పొగ, తర్వాత ఏమని తిరగేసి చెప్పింది, అన్నీ అరబ్బీల చెప్పిండు. పొగ ముచ్చటకు ఆమె మూతి కొద్దిగ వంకర పోయింది. అంతా విని బయటికి, గడ్డి దిక్కు చూసుకుంట మాట్లాడింది. అల్లాబకాష్ నాకు తెలుగుల చెప్పిండు.

పెండ్లైన కొత్తల ఆమె పెనిమిటికి నజ్రాన్‌ల పంతులు నౌకరీ. ఈమె ఇక్కడ అత్త దగ్గర. ఏడాదికి ఒకసారి వస్తుండెనట. ఒక ఏడు ఈమె చదువు వచ్చినోళ్లతోని జాబు రాయించింది, మీ అమ్మ చావుబతుకుల ఉన్నది, బయలెల్లి రమ్మని. అత్త గుండ్రాయి లెక్క ఉన్నది. ఆయన రెండు దినాలు లారీలు మారుకుంట వచ్చి చూస్తే, తల్లి వాకిట్ల కూసొని రొట్టెలు చేస్తున్నదట.

"కోపం చేసిండా?" అని అడిగిన.

"రెండు రోజులు," అన్నది. ఆ తర్వాత కాలు సర్దుకొని, "ముందు ఎలుకలను వెళ్లగొట్టు. గడ్డి మళ్ల పట్టినంక మాట్లాడుదాం," అన్నది. ఇగ పొమ్మన్నట్టు చెయ్యి ఊపింది.

బోన్లు మళ్ల తెచ్చిన. గోడ పొంటి గడ్డి నేల దాకా కోసిన. నీళ్లు తగ్గించిన. మాపటికి బొక్కలు మూసుడు, పొద్దున చూసుడు. ఆ పగటీలి ముత్యవ్వ అడగకముందే చెప్పిన. "బొక్కలు మళ్ల మూస్తున్న."

"ఎందుకు?"

ఏం చెప్పాలె? ఉమ్ నాయెఫ్ మాట్లాడుదాం అన్నది గని పంపుతా అనలేదు. ఆశ పెట్టి అది కాకపోతే? "ముసలామె పడ్డది. గడ్డి బాగు చెయ్యాలె," అన్న.

"మంచిది," అన్నది ముత్యవ్వ. "నీ గడ్డి నువ్వు సూసుకో."

ఆ తర్వాత పదిహేను రోజులు ఫోను చేస్తే సృజన ఎత్తింది. అమ్మ చేనుకు పోయింది, అమ్మ నిద్రపోతున్నది, అమ్మ సంఘం మీటింగుకు పోయింది. ఎనకాల కత్తెర చప్పుడు కిర్రుకిర్రుమని వినబడుతనే ఉన్నది. "ఇంకో నాలుగు పడ్డయని చెప్పు బిడ్డా," అంటుంటి. "చెప్త నాయినా," అంటుండె. గోడ మీద గీతలు గీసిందో లేదో తెల్వదు.

నాకు అన్నం పోకుండైంది. పొద్దున బొక్కలు చూసుకుంట, ఈమె ఇగ నాతోని ఎన్నడన్న మాట్లాడుతదా అనుకునేది. చాటకు ఆనిచ్చిన ఫోన్ల నుంచి నా దిక్కు వంగిన ఆ మొఖం కావాలె నాకు. ఉత్త "తిన్నవా" అన్నా చాలు.

ఈద్‌కు రెండు రోజుల ముందు అన్ని బొక్కలు మూసినవి మూసినట్టే ఉన్నయ్. ఒక్కటి తెరవలేదు. ఎండిన జాగలల్ల గరిక కణుపులు నాటిన, అవి పట్టుకున్నయ్. చుట్టాలు వచ్చిన్రు, పిల్లలు ఆడిన్రు. గడ్డి ముందటి లెక్క లేదు గని పచ్చగుంది.

ఈద్ అయినంక ఒక సాయంత్రం చుట్టాలు కూసునే మజ్లిస్ రూముల నుంచి నాయెఫ్ గొంతు పెద్దగ వినిపించింది. వీసా రాదు, మనిషి దొరకడు అంటున్నడు. తల్లి గొంతు వినబడలేదు, ఆమె మెల్లగ మాట్లాడే మనిషి. అర్ధగంటకు నాయెఫ్ బయటికి వచ్చి, నన్ను చూసి, చూడనట్టే కారెక్కిండు. ఆ తర్వాత వారానికి నా ఖురూజ్ పడ్డది.

వెళ్లే ముందు ఉమ్ నాయెఫ్ కర్ర పట్టుకొని గడ్డిలకు వచ్చి నన్ను నిలబెట్టి అడిగింది. "నీ భార్య ఎలుకల గురించి ఇంకేం చెప్పింది? అన్నీ చెప్పు." అల్లాబకాష్ ఒక కాగితం మీద రాసిండు. తడిమట్టి, పల్లీలు, బెల్లం. పొగ రాయబోతే ఆమె వద్దన్నది.

టికెట్ చేతికి వచ్చినంకనే ఇంటికి ఫోను చేసిన. సృజన ఎత్తితే, అమ్మ నిద్రపోతున్నా లేపు అన్న. చాలాసేపటికి ముత్యవ్వ వచ్చింది.

"ఖురూజ్ అయింది. శనివారం వస్తున్న."

ఏడుస్తుందేమో అనుకున్న.

"ఏ పూట?" అన్నది.

"పొద్దున హైదరాబాద్‌ల దిగుత. ఇంటికొచ్చే వరకు మాపటేళ అయితది."

"అయితే మాపటికే ఎసరు పెడ్త," అన్నది.

ఇంటికొచ్చినంక మొదటి నాలుగు దినాలు మేం ఒకరిని చూసి ఒకరం సిగ్గుపడ్డం. ఆమె చుట్టపోనికి పెట్టినట్టు నాకు అన్నం పెట్టింది. నేను నీళ్లు గూడ అడిగి తీసుకున్న. ఫోన్ల అంత మాట్లాడిన మనుషులం, ఒక్క అర్రల ఉండి ఏం మాట్లాడాలెనో తెలువకుంటైంది. ఉమ్ నాయెఫ్ సంగతి, నేను అన్నీ ఒప్పుకున్న సంగతి ఆమెకు మెల్లమెల్లగ ముక్కముక్కగ చెప్పిన. ఆమె ఊ కొట్టింది. తను బొక్కలు మూయకు అని చేసిన ఆ ఫోను సంగతి మాత్రం నేను ఎత్తలేదు, ఆమె ఎత్తలేదు.

అల్లాబకాష్ తర్వాతి ఏడు ఫోను చేసి చెప్పిండు. మామా ఒక ఎండకాలం తనే నీళ్లు పట్టిందట. తర్వాత నడుము సహకరించలేదు. నాయెఫ్ సగం జాగల బండలు పరిచిండు. సగం అట్లనే ఉంచిండు, అక్కడనే ఆమె చాప వేసుకుంటదట. విని నాకు రెండు దినాలు మనసు మనసుల లేదు.

అది తర్వాతి సంగతి. నేను ఇంటికొచ్చిన ఐదో దినం ఇద్దరం మక్క చేనుకు పోయినం. చేను మోకాలెత్తు ఉన్నది. ముత్యవ్వ ముందట నడుస్తున్నది, నేను ఆమె ఎనుక. ఒడ్డు పొంటి ఒక బొక్క కనబడితే ఆమె వంగి, కాలువల నుంచి ఇంత తడిమట్టి తీసి దాని మూతి మూసింది. వంగినదల్లా అట్లనే ఉండి, నా దిక్కు చూడకుండ, చేతుల మట్టి గడ్డికి రాసుకుంట ఉన్నది.

నేను ఉండబట్టలేక అన్న. "ఆ పొద్దు నువ్వు చెప్పింది తప్పు అని నాకు అప్పుడే తెలిసింది ముత్తీ. గాలి తగిలితే పోతయ్ అన్నవు కదా. నువ్వు చెప్తుంటెనే తెలిసింది."

ఆమె లేచి నిలబడ్డది. మట్టి చేతి మణికట్టుతోని మొఖం మీది వెంట్రుకలు ఎనుకకు అనుకున్నది. ఇంటికొచ్చినంక మొదటిసారి, ఫోను నడుమ లేకుండ, నా కండ్లల్లకు సూటిగ చూసింది.

"నీకు తెలుస్తదనే చెప్పిన," అన్నది.